వార్ధక్యము, క్యాన్సరు, మన బాధ్యత
(జగదల్‌పూర్‌లోని కేంద్ర ప్రభుత్వోద్యోగుల తెలుగు సాంస్కృతిక సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



కార్యదర్శిగారు నన్నీ సభకు ఆహ్వానించుచు, ఆంధ్రులకును బస్తరునకును గల చారిత్రక సంబంధమును గూర్చి ముచ్చటింపుమని కోరిరి. అది మనకందరకును ప్రియమైన విషయమే. 1323లో ఓరుగల్లు పతనమైన పిమ్మట ప్రతాపరుద్రుని సోదరుడైన అన్నమదేవుడు గోదావరి దాటి వచ్చి ఇచ్చట రాజ్యము స్థాపించెనని బస్తరు రాజవంశమువారి సంప్రదాయము చెప్పుచున్నది. ఆ తరువాత ఆరువందల యేండ్లకు పైగా గడచినవి. 1960 దశాబ్దములో బైలదిల్లా ఇనుప ఖనిజమును విశాఖ రేవునకు చేర్చుటకై కొత్తవలస నుండి కిరందూలు వరకు రైలుమార్గము వేయునపుడు ఉత్తరాంధ్ర పల్లెలనుండి మనవారు మరల వచ్చిరి. మొదట వచ్చినవారు కత్తులతో వచ్చిరి. రెండవమారు వచ్చినవారు గడ్డపారలతోను, వంట సామగ్రితోను, చంకలోని బిడ్డలతోను వచ్చిరి.

మొదటివారిని గూర్చి చరిత్రకారులు వ్రాసిరి. రెండవమారు వచ్చినవారిని గూర్చి వ్రాసినవారు లేరు. వారిలో బ్రతికియున్నవారు నేడు డెబ్బది, ఎనుబది యేండ్లవారై ఈ ఊరి ఇండ్ల అరుగులమీద కూర్చుండియున్నారు. కార్యదర్శిగారు క్షమింతురుగాక! నేను నేడు రాజులను విడిచి ఆ వృద్ధులను గూర్చి, అందును క్యాన్సరు వ్యాధితో జీవించు వృద్ధులను గూర్చి మాటాడదలచితిని. పండుగనాడు ఈ మాటలేలయని కొందరికి తోచవచ్చును. ఇంతమంది కుటుంబములతో ఒకచోట చేరు దినము ఏడాదికి ఇదియొక్కటే కనుక ఈ సాహసము చేయుచున్నాను.

నేను వైద్యుడను కాను. ఆర్ట్సు పట్టభద్రుడను. ఇరువది యేండ్లుగా సచివాలయములో ఫైళ్ళు చూచుకొనుచున్నవాడను. ఈ విషయము నాకు పుస్తకములవలన రాలేదు. మా మేనత్తవలన వచ్చినది.

మా మేనత్త శ్రీకాకుళ మండలమునుండి క్రొత్తపెండ్లికూతురుగా ఈ ఊరికి వచ్చినది. మామయ్య రైలుమార్గపు పనిలో కుదిరి ఇచ్చటనే స్థిరపడెను. ఆమెకు చిన్ననాటినుండి అడ్డపొగ అలవాటు. అనగా చుట్ట నిప్పుకొనను నోటిలోపల ఉంచుకొని త్రాగుట. సముద్రపు గాలికి చుట్ట ఆరిపోకుండుటకై ఆ పద్ధతి వచ్చినదని మా పల్లెలో చెప్పుకొందురు. నిప్పుకొన లోపల నుండుటచే అంగిలి నిత్యము కాలుచుండును. కోస్తా ఆంధ్రమున అంగిలి క్యాన్సరునకు ఈ అలవాటు కారణమని డాక్టరు డి. జి. రెడ్డి, మరియొక వైద్యుడు కలిసి 1957లోనే వైద్యపత్రికలో వ్రాసిరి. ఆ సంగతి వైద్యలోకమునకు తెలిసినది గాని మా మేనత్తకు ఎవరును చెప్పలేదు.

డెబ్బదినాలుగవ యేట ఆమె అంగిటిలో పుండు పుట్టెను. కట్టుడు పన్ను ఒరయుటచే కలిగినదని ఒకచోట చెప్పి పూతమందు ఇచ్చిరి. నాలుగు నెలలు గడచినవి. మరియొకచోట చూచి, "ఈ వయస్సులో చేయునదేమున్నది? ఇంటికి తీసికొనిపొండు" అనిరి. ఈ వార్త ఢిల్లీలో నాకు టెలిఫోనులో తెలిసినది. నాకు మిక్కిలి కోపము వచ్చెను. ఆమె నన్ను పెంచిన తల్లి. ఎంత ఖర్చయినను సరే, సంపూర్ణ చికిత్స జరుగవలసినదేయని పట్టుబట్టితిని. శస్త్రచికిత్సయు, పిదప రేడియేషనును నిర్ణయమైనవి. నేను సెలవు పెట్టలేదు, డబ్బు పంపితిని. మా మేనబావ ఆమెను విశాఖకు తీసికొనిపోయెను.

ఆ రైలు ప్రయాణము మీకు క్రొత్త కాదు. మూడువందల కిలోమీటర్లకు పైబడిన దూరము. తూర్పు కనుమలలో సుమారు వేయి మీటర్ల ఎత్తునకు ఎక్కి, సొరంగముల వెంట సొరంగములు దాటి, మైదానమునకు దిగవలెను. విహారమునకు పోవువారికి అది కనులపండువు. నోట పుండుతో, అన్నము దిగని వృద్ధురాలికి అది పగలెల్ల నరకము. ఆసుపత్రికి దగ్గరగా అద్దెకు తీసికొన్న గది మేడమీద నుండెను. రేడియేషను సగము కాకుండగనే, ఒక రాత్రి మెట్లమీద కాలుజారి పడి తుంటి ఎముక విరుగగొట్టుకొనెను. చికిత్స నిలిచిపోయెను. అప్పుడు నేను సెలవు పెట్టి వెళ్ళితిని. ఆమె నన్ను చూచి అడిగిన మాట ఇది: "ఒరే నాయినా, మీరందరూ మాటాడీసుకున్నారు. నన్నెవులైనా అడిగినారేట్రా?"

నేను సమాధానము చెప్పలేకపోతిని. వయస్సు చూచి చికిత్స వద్దన్నవారు తప్పు చేసిరి. వయస్సు చూడక చికిత్స కావలసినదేయన్న నేనును తప్పు చేసితిని. ఇరువురమును ఆమెను చూడలేదు. వారు ఆమె వయస్సును చూచిరి. నేను నా ప్రేమను చూచుకొంటిని. నేటి నా ప్రసంగమంతయు ఈ రెండు తప్పులను గూర్చియే.

మొదటి తప్పు, వయస్సునే రోగమనుకొనుట. క్యాన్సరు ప్రధానముగా వయస్సు మీరిన కొలది హెచ్చు వ్యాధి. 2011 జనాభా లెక్కలనాటికే మన దేశమున అరువది దాటినవారు పదికోట్లకు పైగా నుండిరి. 2022లో దేశమున క్రొత్తగా పదునాలుగు లక్షలమందికి క్యాన్సరు సోకియుండునని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ అంచనా వేసినది. మన ఆయుర్దాయము పెరిగిన కొలది ఈ లెక్కలో వృద్ధుల భాగమును పెరుగుచునే యుండును. అట్టివారినందరిని "ఈ వయస్సులో ఎందుకు?" అను ఒక్క మాటతో త్రోసివేయుట న్యాయము కాదు. డెబ్బదియైదేండ్ల వయస్సుగల ఇద్దరిని తలచుకొనుడు. ఒకరు ఉదయముననే ఇంద్రావతి ఒడ్డుదాక నడచివచ్చి, తన బట్టలు తానే ఉదుకుకొనువారు. మరియొకరు గుండెజబ్బు, మధుమేహము, మతిమరపులతో మంచము దిగలేనివారు. పుట్టిన సంవత్సర మొక్కటియే. వారి శరీరములు ఒక్కటి కావు. చికిత్స ఒక్కటి ఎట్లగును?

రెండవ తప్పు, యువకునికి నిర్ణయించు చికిత్సనే వృద్ధునకును కన్నుమూసుకొని ఇచ్చుట. దీనికి వైద్యులు ఒక మార్గము కనిపెట్టిరి. చికిత్స ప్రారంభింపక పూర్వమే వృద్ధ రోగిని సమగ్రముగా పరీక్షించుట. అందు పరికరములకన్న ప్రశ్నలే ఎక్కువ. తానుగా స్నానము చేయగలడా? ఆరు నెలలలో పడినాడా? బరువెంత తగ్గెను? రోజుకెన్ని రకముల మాత్రలు మ్రింగుచున్నాడు? జ్ఞాపకశక్తి యెట్లున్నది? మనస్సు క్రుంగియున్నదా? ఇంట ఎవరున్నారు? చివరిదైనను మిక్కిలి ముఖ్యమైన ప్రశ్న: అతడేమి కోరుచున్నాడు? ఈ ప్రశ్నలు మా మేనత్తను ఎవరైన అడిగియుండినచో, రాత్రివేళ కన్ను సరిగా కనబడదని ఆమె చెప్పియుండెడిది. మేము మేడమీది గది తీసికొనియుండెడివారము కాము.

ఇది దయాదాక్షిణ్యముల మాట మాత్రమే కాదు, రుజువైన సంగతి. అమెరికాలో డెబ్బది యేండ్లు పైబడిన 718 మంది రోగులపై చేసిన పరిశోధన ఫలితములు 2021లో ప్రకటింపబడినవి. మామూలు పద్ధతిని మందులిచ్చినవారిలో నూటికి 71 మందికి తీవ్రమైన దుష్ఫలితములు కలిగెను. ఇట్టి పరీక్ష జరిపి, దాని ఫలితమును, సలహాలను వైద్యునికి అందజేసినచోట అది నూటికి 51కి తగ్గెను. బ్రతికి యుండుటలో లోపమేమియు రాలేదు. మన దేశములో బొంబాయి టాటా మెమోరియల్ ఆసుపత్రిలో 2018 నుండి వృద్ధ రోగులకై ప్రత్యేక క్లినిక్కు నడచుచున్నది. ఈ పరీక్షలో తొలిభాగమును తర్ఫీదు పొందిన నర్సు ఏ జిల్లా ఆసుపత్రిలోనైనను చేయగలదు. దీనికి కావలసినది ముద్రించిన ఒక కాగితము, ఒక కుర్చీ, అరగంట ఓపిక.

ఇక నొప్పిని గూర్చి. మేము మేనత్తను ఇంటికి తీసికొనివచ్చుటకు ముందు విశాఖలోనే ఉపశమన చికిత్స తెలిసిన వైద్యుడొకరు దొరికిరి. ఆయన ఆమె మంచము ప్రక్కన కూర్చుండి, "అమ్మా, మీకేమి కావాలి?" అని అడిగిరి. "నొప్పి తగ్గితే సాలు బాబూ. నా యింటి అరుగు మీద కూకోని గంజి తాగాలని ఉంది" అన్నది. ఆయన నోటిద్వారా ఇచ్చు మార్ఫీను వ్రాసిరి. మూడవనాటికి ఆమె రాత్రి నిద్రపోయెను.

మార్ఫీను అనగానే మనకు భయము. అది మత్తుమందని, అలవాటగునని, అంత్యకాలమునకు గుర్తని అనుకొందుము. వైద్యుడు నొప్పికి తగిన మోతాదుననుసరించి ఇచ్చునపుడు వ్యసనభయము స్వల్పమేయని ఆయన చెప్పిరి. మలబద్ధము మాత్రము తప్పక కలుగును గనుక దానికి విరేచనపు మందు తోడుగా ఇయ్యవలెను. నొప్పికి మెట్టుమెట్టుగా మందులిచ్చు పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే ప్రకటించెను. మన దేశమున 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము కఠినమై, పెక్కు అనుమతిపత్రములు కావలసివచ్చుటచే ఆసుపత్రులు ఆ మందును ఉంచుటకే వెనుదీసెను. 2014లో పార్లమెంటు ఆ చట్టమును సవరించినది. గుర్తింపు పొందిన వైద్యసంస్థ ఒక్క అనుమతితో దానిని నిలువయుంచి రోగులకు ఇయ్యవచ్చును. చట్టము మారినది గాని అలవాటు అంత త్వరగా మారలేదు. ఫైళ్ళలో పనిచేయువాడను కనుక ఆ తేడా నాకు బాగుగా తెలియును.

ఉపశమన చికిత్స చావునకు ముందు చేయునది మాత్రమేయనుటయు పొరపాటే. ఊపిరితిత్తుల క్యాన్సరు ముదిరిన రోగులకు మొదటినుండియు ఈ సేవ తోడుగా నందించినచో వారు ఎక్కువ సుఖముగా నుండుటయే కాక, సగటున ఎక్కువ కాలమును జీవించిరని 2010లో అమెరికాలో ఒక పరిశోధన తేల్చినది. కేరళలో 1993లో కోజికోడులో చిన్నగా మొదలైన ఇంటింటి సేవ ఊరూర వ్యాపించి, 2008 నాటికి ఆ రాష్ట్ర ప్రభుత్వ విధానమే అయినది. తెలంగాణలోను 2017లో చేవెళ్ళలో ప్రారంభమైన ప్రభుత్వ ఉపశమన సేవ తరువాత ఇతర జిల్లాలకు విస్తరించినది. అక్కడ జరిగినది ఇచ్చట జరుగరాదని ఎక్కడను వ్రాసియుండలేదు.

జగదల్‌పూరునకు ఆధారములు లేకపోలేదు. మహారాణి ఆసుపత్రి ఉన్నది. 2006లో నెలకొల్పబడిన వైద్యకళాశాల ఉన్నది. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రము 2002లో ప్రారంభించిన మితానిన్ కార్యకర్తల పద్ధతి దేశమంతటికిని మార్గదర్శకమైనది. గ్రామమునందలి ప్రతి ముసలివారి గడప ఆ స్త్రీలకు తెలియును. రాయపూరు, విశాఖ రెండును మనకు ఇంచుమించు సమదూరములోనే ఉన్నవి. విశాఖ సమీపమున అగనంపూడిలో టాటా మెమోరియల్ కేంద్రమువారి హోమీ భాభా క్యాన్సరు ఆసుపత్రి యున్నది. కావలసినది ఈ మూడింటిని కలుపు దారము. చికిత్సను పెద్ద ఆసుపత్రివారు నిర్ణయింపవలెను; సాధ్యమైనంత భాగము ఇంటికి దగ్గరనే జరుగవలెను. మూడు సంవత్సరములలో అన్ని జిల్లా ఆసుపత్రులయందును పగటిపూట క్యాన్సరు చికిత్సా కేంద్రములు నెలకొల్పుదుమని 2025-26 కేంద్ర బడ్జెటులో ప్రకటించిరి. అట్టి కేంద్రము వచ్చుచోట వృద్ధులకు మెట్లు లేని దారియు, మార్ఫీను నిలువయు, పైని చెప్పిన ప్రశ్నల కాగితమును ఉండునట్లు మనము ఇప్పటినుండియే అర్జీలు పెట్టవలెను. కట్టడము లేచిన పిదప మెట్లు మార్చుట కష్టము.

ఇప్పుడు నా వృత్తికి చెందిన నాలుగు మాటలు. నియమములు తెలియకపోవుటచే మన పెద్దలు నష్టపోవుచున్నారు. 2024 అక్టోబరునుండి డెబ్బది యేండ్లు నిండిన ప్రతి పౌరునకును, ఆదాయముతో నిమిత్తము లేకుండ, ఆయుష్మాన్ భారత్ పథకమున ఏటా ఐదు లక్షల రూపాయల వరకు ఆసుపత్రి చికిత్సకు అర్హత కలిగినది. కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకమున ఉన్నవారు మాత్రము రెండింటిలో ఒకదానిని ఎన్నుకొనవలెను. పదవీ విరమణ చేసినవారికి 1944 నాటి వైద్య నియమములు వర్తింపవు. కేంద్ర ఆరోగ్య పథకము లేని జగదల్‌పూరు వంటి ఊళ్ళలో నివసించు పెన్షనుదారులలో చాలమంది 2017లో వేయి రూపాయలుగా నిర్ణయించిన నెలసరి వైద్యభత్యముతో తృప్తిపడుచున్నారు. వారు చందా చెల్లించి, పథకమున్న నగరమునుండి కార్డు తీసికొని, ఔట్‌పేషెంటు చికిత్సకు భత్యమును, ఆసుపత్రిలో చేరినపుడు పథకమును వినియోగించుకొను వీలు కలదు. ఈ సంగతి రోగము వచ్చిన పిదప కాక, విరమణ కాగితములు నింపునాడే తెలియవలెను. ఇక రైలు రాయితీ. వృద్ధుల రాయితీ 2020లో ఆగిపోయినను, క్యాన్సరు రోగుల రాయితీ ఆగలేదు. చికిత్సకై పోవు రోగికి స్లీపరు, మూడవ ఏ.సి. తరగతులలో పూర్తి రాయితీయు, తోడుగా పోవువారికి ఆ తరగతులలో నూటికి డెబ్బదియైదు వంతుల రాయితీయు కలదు. ఆసుపత్రి ఇచ్చు ధ్రువపత్రము మాత్రము కావలెను. మా మేనబావ ఎన్నో ప్రయాణములు పూర్తి చార్జీ పెట్టి చేసిన పిదప ఈ విషయము మాకు తెలిసినది. సచివాలయములో పనిచేయుచున్న నేనే ఎరుగనపుడు ఇతరులనేమనగలను?

ఒక పెద్దమనిషి నన్ను సూటిగా అడిగిరి: "యువకులకే మందులు చాలని దేశములో ముసలివారిపై ఇంత శ్రద్ధ యేల?" ప్రశ్న కఠినమైనదైనను దాటవేయదగినది కాదు. నేను చెప్పునది ఇంతే. వృద్ధులను ముందుగా సరిగా పరీక్షించినచో అనవసరమైన ఖరీదు చికిత్సలు తగ్గును, పెరుగవు. మా మేనత్త విషయమున వ్యయమైన డబ్బులో అధికభాగము ఆమె కోరని చికిత్సకే పోయినది. ఆమె కోరిన మందు అన్నిటికన్న చవుకది.

మన సంఘము చేయదగిన పనులు ఐదు కనబడుచున్నవి. ఒకటి: సంఘ సభ్యుల ఇండ్లలోని వృద్ధులందరికిని ఏడాదికొకసారి నోటి పరీక్ష చేయించుట. మూడువారములు దాటినను మానని పుండు, నోటిలో తెల్లని లేక ఎర్రని మచ్చ, మ్రింగుటలో కష్టము, ఇవి కనబడినచో ఆలస్యము పనికిరాదు. ముప్పది దాటినవారికి నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సరుల పరీక్షలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో చేయుటకు ఏర్పాటు కలదు. మన చుట్టయే కాదు, ఈ ప్రాంతమున పండ్లకు రుద్దుకొను గుడాకు కూడ పొగాకేయని ఇంటింట చెప్పవలెను. రెండు: ప్రతి రోగికిని ఒక అట్టపుస్తకము. రిపోర్టులు, మందుల చీటీలు, కార్డుల నకళ్ళు తేదీవారీగా అందుండవలెను. ఫైలు కట్టుట మనకెవరును నేర్పనక్కరలేదు. మూడు: రోగితో ప్రయాణము చేయువారి వంతుల పట్టిక. నాలుగు: విశాఖలో నేలమట్టమున ఒక గదిని అద్దెకు తీసికొనుట. రంగస్థలమునకు క్రొత్త తెరలు, దీపములు కొనుటకై నిధి ప్రోగుచేయుచున్నారని వింటిని. నాటకములు వద్దని నేననను. ఆ నిధిలో మూడవ భాగమును ఈ గదికి కేటాయింపుడని మాత్రము కోరుచున్నాను.

ఐదవది అన్నిటికన్న నా మనస్సునకు దగ్గరైనది. విశాఖ ఆసుపత్రి వరండాలో బస్తరు పల్లెనుండి వచ్చిన ఒక గిరిజన వృద్ధురాలిని చూచితిని. ఆమెకు హల్బీ తప్ప మరియొక భాష రాదు. వైద్యులకు ఆ భాష రాదు. కొడుకు టీకొరకు బయటికి పోయినంతసేపు ఆమె ఎవరేమడిగినను తల యూపుచుండెను. అప్పుడు మంచముమీదనున్న మా మేనత్త హల్బీలో ఆమెను పలుకరించి, ఆమె చెప్పినదంతయు నర్సుకు తెలుగులో చెప్పినది. ఏబది యేండ్లు ఈ ఊరి సంతలో కూరగాయలు బేరమాడి నేర్చిన భాష అది. తెలుగును హల్బీని రెండును తెలిసినవారు విశాఖలో అరుదు. ఈ సభలో పదులకొలది ఉన్నారు. ఈ నేల మనకు అరువది యేండ్లుగా అన్నము పెట్టినది. ఇచ్చటి వృద్ధులకు ఆసుపత్రిలో మాట అందించుటకన్న తగిన కృతజ్ఞత మనము చూపగలమా?

మా మేనత్త ఇంటికి వచ్చిన పిదప ఏడు వారములు బ్రతికినది. ప్రతి పదునైదు దినములకును మేనబావ విశాఖకు పోయి మందు తెచ్చెను. ఆమె అరుగుమీద కూర్చుండి గంజి త్రాగినది. ఆ యేటి దసరా రథము కదలిన నాడు జనసమ్మర్దపు కోలాహలము విని, "ఈయేడు కూడా లాగీసినార్రా" అని సంతోషించినది. నెల తిరుగక ముందే, నొప్పి లేకుండ, నిద్రలో వెళ్ళిపోయినది.

రోగమును "రాచపుండు" అని చాటుగా చెప్పుకొని, రోగికి మాత్రము దాచు అలవాటు మన ఇండ్లలో నేటికిని ఉన్నది. దాచుటకన్న అడుగుట మేలు. నేడు మీరు ఇంటికి పోయిన వెంటనే మీ ఇంటి పెద్దల ప్రక్కన కూర్చుండి, వారికేమి కావలెనో ఒక్కమారు అడుగుడు. రోగము వచ్చువరకు ఆగకుడు. నేను ఆలస్యముగా అడిగితిని.